ఖరీదు లేని కన్నీళ్ళు

ఈమధ్య ఒకాయన నన్నో మాట అన్నారు. అది తిట్టో, ఏదైనా జబ్బు పేరో మొదట నాకు తెలియలేదు.

నా నవల ఒకటి ఇంగ్లీషులోకి వెళ్ళింది. అత్తారింటికి వెళ్ళిన పిల్ల అక్కడెలా ఉందో అని తల్లి ఆరాటపడ్డట్టు, నేనూ సమీక్షల కోసం ఎదురుచూస్తూ కూచున్నాను. చివరికి ఒక ఇంగ్లీషు పత్రికలో వచ్చింది. ప్రచురణకర్తగారు ఆ కటింగ్ పంపించారు. కథ బాగుందన్నారు. మనుషులు సజీవంగా ఉన్నారన్నారు. నేను కాఫీగ్లాసు పక్కన పెట్టి, కాస్త సర్దుకుని కూచున్నాను. ఆ తర్వాత వాక్యంలో, చివరి ముప్ఫై పేజీలూ 'మాడ్లిన్'గా ఉన్నాయన్నారు.

మావారు పేపర్లోంచి తలెత్తి, "మాడ్లిన్ అంటే? అడుగంటి మాడిందనా?" అన్నారు.

ఆయన హాస్యానికేం గాని, నాకు నిజంగానే మాడువాసన వచ్చింది. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివినదాన్ని. ఆ మాట నేనే ఏదో పరీక్షలో, పాపం ఏ చచ్చిపోయిన రచయితమీదో రాసే ఉంటాను. ఇతరులమీద విసిరినప్పుడు మాటకున్న పదును తెలియదు. మనమీద పడ్డప్పుడే తెలుస్తుంది. అటకమీంచి నిఘంటువు దింపించాను.

మాడ్లిన్ అంటే కన్నీళ్ళతో జావగారిపోవడం. సందర్భానికి మించి, తనమీద తనకే జాలి పుట్టేట్టు ఏడవడం. తాగినవాడు అర్ధరాత్రి మిత్రుడి మెడ పట్టుకుని ఏడుస్తాడు చూడండి, ఆ బాపతు. 1592లో టామస్ నాష్ అనే ఆంగ్ల రచయిత తాగుబోతుల్ని ఎనిమిది రకాలుగా విడదీస్తే, అందులో ఏడ్చేవాడి పేరు ఇదే! అంటే నా నవల చివరి ముప్ఫై పేజీలూ కల్లుపాక దాకా వెళ్ళొచ్చాయన్నమాట.

అంతకంటే ఆశ్చర్యమేమిటంటే, ఆ మాట అసలు ఒక స్త్రీ పేరు. ఏసుక్రీస్తు శిష్యురాలు మగ్దలీన మరియ. సమాధి దగ్గర నిలబడి ఏడ్చిన మరియ. క్రీస్తు పాదాలను కన్నీళ్ళతో కడిగి తలవెంట్రుకలతో తుడిచిన స్త్రీ ఒకామె ఉంది. సువార్తలో ఆమెకి పేరు లేదు. ఆమే మరియ అని పడమటి దేశాల్లో ఆరో శతాబ్దంనుంచి నమ్ముతూ వచ్చారు. దాంతో చిత్రకారులు ఆమెను ఎప్పుడూ ఎర్రబడ్డ కళ్ళతో, చెంపలమీద నీటిబొట్లతో గీశారు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి ఆ పేరు అరిగి అరిగి 'మాడ్లిన్' అయింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒకటీ, కేంబ్రిడ్జిలో ఒకటీ ఆమె పేర కాలేజీలున్నాయి. ఈనాటికీ రెంటినీ 'మాడ్లిన్' అనే పలుకుతారు. కాలేజీ పేరైతే గౌరవం, ఆ తల్లి కన్నీళ్ళ పేరైతే వెక్కిరింత! ప్రపంచంలో ఎవరూ తోడులేని చోట, చనిపోయిన గురువు దగ్గర నిలబడి ఏడ్చిన మనిషి పేరు తాగుబోతు ఏడుపుకి ఎలా వచ్చిందో చూశారా!

సరే, పట్టు వదలకుండా మిగతా మాటలూ వెతికాను. 'లాక్రిమోస్' అంటే లాటిన్‌లో కన్నీటిబొట్టు మాటలోంచి పుట్టింది. పెద్దమనిషి మాట, ఏడ్చినా ఇస్త్రీ నలగదు. 'మాకిష్' అనేది ఇంకోటి. దీని వేరు వెతికితే పురుగు తేలింది! కుళ్ళినదాంట్లో లుకలుకలాడే పురుగుని పాత ఇంగ్లీషులో అలా పిలిచేవారట. వికారం పుట్టించేది అనే అర్థంనుంచి, వెగటుపుట్టించే మెత్తదనం అనే అర్థానికి వచ్చింది. 'ష్మాల్ట్స్' అని అమెరికావాళ్ళు అంటారు. అది యిడ్డిష్ భాషలోంచి వచ్చింది. కరిగించిన కోడికొవ్వు! ఎక్కువైతే మొహం మొత్తుతుందని. ఇక 'టియర్ జెర్కర్' అయితే మరీను. కన్నీళ్ళని తాడుకట్టి లాగేది. అంటే నేనేదో నూతిదగ్గర గిలకేసుకుని కూచున్నానన్నమాట.

1907లో న్యూయార్కులో ఒక కోటీశ్వరుడి హత్యకేసు విచారణ జరిగింది. హ్యారీ థా అనేవాడు ముద్దాయి. ఆ విచారణని కొందరు స్త్రీలు కూడా పత్రికలకి రాశారు. సాక్ష్యం చెప్పిన అతని భార్యమీద వాళ్ళు సానుభూతి చూపించారు. దాంతో సాటి పాత్రికేయులు వాళ్ళకి 'సాబ్ సిస్టర్స్' అని పేరు పెట్టారు. ఏడుపు అక్కచెల్లెళ్ళని! అదే విచారణని మగవాళ్ళూ రాశారు. వాళ్ళకి ఏడుపు అన్నదమ్ములని గానీ, ఎండు అన్నదమ్ములని గానీ ఎవరూ పేరు పెట్టలేదు. ఆ తర్వాత, ఆడది పత్రికలో మనసు కరిగేట్టు ఏం రాసినా ఆ పేరే తగిలించారు.

చదువుతున్నకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. తాగుబోతూ, పురుగూ, కొవ్వూ, ఆడదీ... ఇంగ్లీషువాళ్ళకి కన్నీరంటే ఎంత అసహ్యం! మన భాష చూడండి. వెక్కి వెక్కి ఏడుస్తాం. బావురుమంటాం. ఘొల్లుమంటాం. కుమిలిపోతాం. గుడ్లనీరు గుడ్ల కుక్కుకుంటాం. గొంతు డగ్గుత్తిక పడుతుంది. కళ్ళు చెమరుస్తాయి. సంతోషం వస్తే ఆనందబాష్పాలు రాలుస్తాం. ఏ ఏడుపు ఎలా ఉందో చెప్పే మాటలేగాని, ఏడ్చినవాళ్ళకి మార్కులు వేసే మాటలు కావివి. భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో కన్నీరు ఒకటి. గొంతు బొంగురుపోవడం మరొకటి. మనసు పూర్తిగా లగ్నమైతేనే తప్ప ఇవి పుట్టవన్నాడాయన. ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

ఈ ఉపన్యాసం వంటింట్లో ఇస్తుంటే మా అమ్మాయి విని, "మరి 'ఏడుపుగొట్టు మొహం' ఏ శాస్త్రంలో ఉందమ్మా?" అంది. దొంగేడుపు, మొసలికన్నీరు, ముక్కుచీదుడు వ్యవహారం... అదీ ఒక్కొక్కటే అందిస్తూ పోయింది. నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదని సామెత కూడా మనదే. అంటే ఏడవడం మాపని, నవ్వడం వాళ్ళపని, అటూ ఇటూ అయితే అనుమానం! నా ఉపన్యాసం అక్కడితో ఆగింది. మనకీ మార్కులు వేసే మాటలున్నాయి. కాకపోతే నామీద పడలేదు కనక గుర్తురాలేదు.

ఇంగ్లీషువాళ్ళు మాత్రం ఎప్పుడూ ఇలాగే ఉన్నారా అంటే అదీ లేదు. 'సెంటిమెంటల్' అన్న మాట పద్ధెనిమిదో శతాబ్దంలో పుట్టినప్పుడు అది మెచ్చుకోలు! సున్నితమైన మనసున్న, సంస్కారంగల మనిషి అని. 1768లో లారెన్స్ స్టెర్న్ ఆ మాట పెట్టి ఒక యాత్రాకథ రాస్తే జనం ఎగబడి చదివారు. 1771లో హెన్రీ మెకంజీ రాసిన నవలలో కథానాయకుడు, మగవాడే, పుస్తకమంతా కంటతడి పెడుతూనే ఉంటాడు. ఆ రోజుల్లో ఆ పుస్తకం చదివి ఏడవకపోతే అది మనసు కాదు, రాయి అనుకునేవారు. నూటపదిహేనేళ్ళు గడిచాయి. 1886లో హెన్రీ మోర్లీ అనే పండితుడు అదే పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేయిస్తూ, ఏ పేజీలో ఎవరు ఏడ్చారో ఒక పట్టిక తయారుచేసి చేర్చాడు! తాతలు ఏడ్చిన చోట మనవలు లెక్కపెట్టుకుని నవ్వారు. మాట అదే, పుస్తకం అదే. మారింది చదివేవాళ్ళ కళ్ళు.

ఆ మాట మన దేశం వచ్చి ఇంకా తమాషా వేషాలు వేసింది. మనకి 'మదర్ సెంటిమెంట్', 'సిస్టర్ సెంటిమెంట్' లేనిదే సినిమా ఆడదు. శుక్రవారం డబ్బివ్వకపోవడమూ సెంటిమెంటే. పిల్లి ఎదురొస్తే వెనక్కి రావడమూ సెంటిమెంటే. ఇక 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువాళ్ళు ఆ ఏటి మాటగా ఎంచినది అసలు మాటే కాదు. సెల్‌ఫోన్లో పంపుకునే బొమ్మ. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు కారుస్తున్న పసుపుపచ్చ మొహం. మా అమ్మాయి రోజుకి పాతికైనా పంపుతుంది. పంపేటప్పుడు దాని మొహం చూస్తే నవ్వూ ఉండదు, నీళ్ళూ ఉండవు.

ఇంతదాకా బాగానే ఉంది. సమీక్షకుడిగారికి ఘాటైన జవాబు ఒకటి మనసులో తయారుచేసుకున్నాను. "అయ్యా, మీ నిఘంటువులో కన్నీటికి మర్యాద లేకపోతే అది కన్నీటి తప్పు కాదు" అని మొదలుపెట్టాలని కూడా అనుకున్నాను. ఆ జవాబుకి ఇంకాస్త బలం కోసం పాత పుస్తకాలు తిరగేస్తుంటే, విలియం జేమ్స్ దొరికాడు. దొరక్కపోయినా బాగుండేది.

జేమ్స్ అమెరికాలో మనస్తత్వశాస్త్రానికి పునాదులు వేసినవాళ్ళలో ఒకడు. 1890లో వచ్చిన ఆయన పెద్ద గ్రంథంలో అలవాట్ల గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో మాటవరసకి ఒక రష్యా దొరసాని ప్రసక్తి తెస్తాడు. ఆవిడ థియేటర్లో కూచుని, నాటకంలో పాత్రల కష్టాలు చూసి కన్నీరు పెట్టుకుంటోంది. బయట మంచులో, బండిమీద, ఆవిడ బండివాడు చలికి కొయ్యబారి చచ్చిపోతున్నాడు. ఇంతే. రెండు ముక్కలు. ఇలాంటివి ఇంతకన్నా చిన్న మోతాదులో అన్నిచోట్లా జరుగుతూనే ఉంటాయని ముగిస్తాడు.

చదివి నవ్వుకున్నాను. దొరసానులు ఎక్కడైనా దొరసానులే అనుకున్నాను. పుస్తకం మూసి పొయ్యిమీద పప్పు చూసొద్దామని లేచాను. పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

నా నవల చివరి ముప్ఫై పేజీల్లో ఏముందో మీకు చెప్పలేదు కదూ. ఒక పనిమనిషి. ఆమె కొడుక్కి జ్వరం. పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి, తొందరగా పంపించమని యజమానురాలిని అడుగుతుంది. ఆవిడ చుట్టాలొస్తున్నారు, గిన్నెలు తోమి వెళ్ళమంటుంది. ఆ తల్లి తోముతుంది. ఇంటికి చేరేసరికి పిల్లాడు దక్కడు. ఆ పేజీలు రాస్తున్నప్పుడు నేను ఏడ్చాను. మూడుచోట్ల సిరా అలుక్కుపోయింది. అచ్చయ్యాక పాఠకురాళ్ళు ఉత్తరాలు రాశారు, తామూ ఏడ్చామని. ఆ ఉత్తరాలు దాచుకున్నాను కూడా.

ఆ సన్నివేశం నాకు ఎక్కడినుంచి వచ్చింది?

నవల మొదలుపెట్టడానికి ఏడెనిమిది నెలల ముందు, మా ఇంట్లో పనిచేసే ఆమె ఇదే పెరటి గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, బాబుకి ఒళ్ళు కాలిపోతోంది. ఈ పూటకి పోతానండీ" అంది. ఆ సాయంత్రం ఇంటికి చుట్టాలు వస్తున్నారు. "అలా మధ్యలో వదిలేసి పోతే ఎలా? ఆ నాలుగు గిన్నెలూ తోమేసి పో" అన్నాను. కోపంగా కూడా అనలేదు. మామూలుగా అన్నాను. నాలుగు అన్నానుగాని, నలభై ఉన్నాయి. తోమింది. వెళ్ళింది. భగవంతుడి దయవల్ల ఆమె పిల్లాడు బతికాడు. నాలుగోరోజుకి జ్వరం తగ్గింది. ఇప్పుడు వాడు పదో తరగతి.

చిత్రమేమిటంటే, నవల రాస్తున్న ఆరునెలల్లో ఒక్కరోజైనా ఆ యజమానురాలు నేనేనని నాకు తట్టలేదు. ఆవిడకి రవ్వల ముక్కుపుడక పెట్టాను. గట్టిగా అరిచే గొంతు పెట్టాను. పిసినారితనం అంటగట్టాను. నాకు రవ్వల ముక్కుపుడక లేదు కదా! పిల్లాణ్ణి చంపి, ఆవిణ్ణి రాక్షసిని చేసి, నేను తల్లి పక్షాన కూచుని హాయిగా ఏడ్చాను. అవును, హాయిగానే. ఆ ఏడుపుతో నా మనసు కడిగినట్టయింది. ఏం కడుక్కున్నానో మాత్రం చూసుకోలేదు.

ఆ నవల అచ్చయినప్పుడు మా పనావిడ ముచ్చటపడి, "ఇంత లావు పుస్తకంలో ఏం రాశారమ్మగారూ?" అని అడిగింది. కథ చెప్పాను. కాస్త గొంతు పట్టుకునేట్టే చెప్పాను. చీపురు చేత్తో పట్టుకునే వింది. విని, "ఆ అమ్మగారు ఓ గంట ముందు పంపేస్తే సరిపోయేదిగా" అంది.

అప్పుడు నవ్వాను. పంపేస్తే ఇంక నవలేముంది అనుకున్నాను. ఆ మాట సమీక్ష అనీ, నా పుస్తకంమీద వచ్చినవాటన్నింటిలోకీ సరైన సమీక్ష అదేననీ తెలియడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. సమీక్షకుడిగారు తన మాట సరిగ్గానే వాడారు. ఎందుకు సరైనదో ఆయనకి తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

మా నాయనమ్మ చదువుకున్నది కాదు. గోదావరి ఒడ్డున మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో తొమ్మిది రోజులూ హరికథలు. ఉత్తర రామాయణం చెప్పినరోజు ఆవిడ కొంగు పిండితే చెంబుడు నీళ్ళొచ్చేట్టు ఏడ్చేది. ఇవాళ్టి విమర్శకులు చూస్తే పైన చెప్పిన మాటలన్నీ కలిపి ఆవిడమీద కుమ్మరించేవారు. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. ఆ ఏడు కథ అయ్యాక, చీకట్లో నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువస్తూ, దారిలో ఒక ఇంటిముందు ఆగింది. మొగుడు వదిలేస్తే అన్నగారి పంచన చేరిన ఒకావిడ ఉండేదక్కడ. ఊళ్ళో ఎవరూ ఆవిణ్ణి పేరంటానికి పిలిచేవారు కాదు. నాయనమ్మ తలుపు కొట్టి, బొట్టుపెట్టి, "రేపు మా ఇంట్లో పేరంటం. తప్పకుండా రా అమ్మా" అని పిలిచింది.

మర్నాడు వచ్చిన ముత్తయిదువల్లో ఇద్దరు తాంబూలం పుచ్చుకోకుండా లేచివెళ్ళిపోయారు. ఒకావిడ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. నేను అడిగితే నాయనమ్మ, "పందిట్లో సీతమ్మ కోసం ఏడిచి, వీధిలో సీతమ్మ కనిపిస్తే మొహం తిప్పుకుంటే, ఆ తల్లి ఊరుకుంటుందిటే?" అంది.

నాయనమ్మ కన్నీళ్ళకి ఖరీదు కట్టింది. నేను కట్టలేదు. తేడా నీళ్ళ పరిమాణంలో లేదు. ఆవిడే నాకంటే ఎక్కువ ఏడ్చింది.

జేమ్స్ చెప్పిన మందు కూడా ఇదే. కచేరీ విని మనసు కరిగితే, అది ఆరిపోయేలోగా ఏదో ఒకటి చెయ్యమంటాడు. గొప్ప త్యాగాలు అక్కర్లేదు. బంధువుతో మంచిగా మాట్లాడటమైనా చాలు, గుర్రపు ట్రాములో లేచి సీటివ్వడమైనా చాలు. మాటిమాటికీ కరిగి ఊరుకుంటూ పోతే, కరగడమే ఒక అలవాటైపోతుందని, చెయ్యి లేవడం మానేస్తుందని ఆయన భయం.

ఇక్కడ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. అన్ని కన్నీళ్ళకీ ఖరీదు కట్టలేం. పోయినవాళ్ళకోసం ఏడుస్తాం. అక్కడ చెయ్యడానికేం మిగల్లేదు. ఏడవడమే మిగిలింది. మరియ సమాధి దగ్గర ఏడ్చినప్పుడు ఇంకేం చెయ్యగలదు? అందుకే ఎదుటివాళ్ళ కన్నీళ్ళని ఈ తూకంలో వెయ్యడానికి నాకు మనసొప్పదు. ఒకరి ఏడుపు నిజమో కాదో బయటినుంచి చూసి తేల్చేసే మాటలు ఏ భాషలో ఉన్నా, అవి చాలాసార్లు ఏడ్చినవాళ్ళ గురించి కాక అన్నవాళ్ళ గురించే చెబుతాయి. ఆ న్యూయార్కు ఆడవాళ్ళకి పేరు పెట్టినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళకిమల్లే. కానీ ఎవరి కన్నీటిని వాళ్ళు అడుక్కోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. "నువ్వు ఎవరికోసం వచ్చావు? వాళ్ళకోసమా, నాకోసమా?" ఆ ప్రశ్నకి మాత్రం ఆ కోపిష్టి ఇంగ్లీషు మాటలు పనికొస్తాయి. మనమీద మనమే వాడుకుంటే అంత మంచి మాటలు లేవు.

సమీక్షకుడిగారికి జవాబు రాయలేదు. కొత్త నవల మొదలుపెట్టాను. మొన్న ఒక పేజీలో నా కళ్ళు చెమర్చాయి. అలవాటుగా కొంగు అందుకున్నదాన్ని ఆగి, కలం పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళాను. మా పనావిడ గిన్నెలముందు కూచుని మోకాలు నొక్కుకుంటోంది.

"ఎన్నాళ్ళనుంచీ ఆ నొప్పి?" అన్నాను.

ఆవిడ నాకేసి వింతగా చూసి, "రెండేళ్ళనుంచండీ" అంది.